ఫ్యూజు పోతే పట్నంలో 4 గంటలు, పల్లెలో 12 గంటలు: ప్రభుత్వ సేవల్లో తేడా ఎక్కడ పుడుతుంది?

ఇంటికి వచ్చే కరెంటు లైనులో ఫ్యూజు పోయింది. ఫిర్యాదు చేశాక ఎంతసేపట్లో సరిచేయాలి? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2004లో తెచ్చిన సేవా ప్రమాణాల నిబంధన దీనికి రెండు జవాబులు రాసిపెట్టింది. నగరాలు, పట్టణాల్లో 4 గంటలు. గ్రామాల్లో 12 గంటలు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పట్టణంలో 24 గంటలు, పల్లెలో 48. కొత్త కనెక్షన్ సంగతీ అంతే. 2024 ఫిబ్రవరిలో కేంద్రం సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం గరిష్ఠ గడువు మెట్రో నగరాల్లో 3 రోజులు, ఇతర మున్సిపాలిటీల్లో 7, గ్రామాల్లో 15, కొండ ప్రాంతపు గ్రామాల్లో 30 రోజులు. ఇంటి కరెంటు శ్లాబులు మాత్రం రాష్ట్రమంతటా ఒకటే. యూనిట్‌కు ఇద్దరూ కట్టేది ఒకే రేటు.

సర్కారు సేవ ఊరిని బట్టి మారుతోందంటే వెంటనే గుర్తొచ్చేవి నిర్లక్ష్యం, అవినీతి, డ్యూటీకి రాని సిబ్బంది. అవన్నీ ఉన్నవే. కానీ అంతకంటే ముందే, కాగితం మీదే, అందరికీ కనిపించేలా తేడా మొదలవుతుంది. ఆ కాగితం ఎలా పనిచేస్తుందో తెలియకపోతే ఏటా వానాకాలంలో వార్తల్లోకొచ్చే డోలీ మోత, అంటే కొండ ఊళ్ల నుంచి రోగులను భుజాల మీద మోసుకురావడం, ఎందుకు ఆగడం లేదో అర్థం కాదు.

పల్లెకు మూడు రెట్లు గడువు ఎందుకు?

దీని వెనుక సాంకేతిక కారణం నిజంగానే ఉంది. పట్నంలో 11 కేవీ ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి కరెంటు తెచ్చే లైను, పొడవు తక్కువ. ఒకచోట లైను తెగితే పక్క ఫీడర్ నుంచి కరెంటు మళ్లించే ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది. పల్లెకు పోయే ఫీడర్ సబ్‌స్టేషన్‌లో బయలుదేరి పొలాల మీదుగా చివరి ఊరిదాకా ఒకటే గీతగా సాగుతుంది. మధ్యలో చెట్టుకొమ్మ పడితే దాని తర్వాత ఉన్న ఊళ్లన్నీ చీకటే. ఎక్కడ పడిందో తెలియాలంటే లైన్‌మన్ లైను వెంబడి నడిచి చూడాలి. అతని కింద ఉండేది ఒక్క ఊరు కాదు, కొన్ని ఊళ్లు. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను బండి మీద మరమ్మతు కేంద్రానికి తీసుకెళ్లాలి, బదులు ఇవ్వడానికి అక్కడ మరొకటి సిద్ధంగా ఉండాలి.

నిబంధన రాసినవాళ్లు ఉన్న పరిస్థితిని చూసి, సాధ్యమయ్యే గడువు పెట్టారు. ఇబ్బంది తర్వాత వస్తుంది. 12 గంటల గడువు ఒకసారి ప్రమాణంగా మారాక, 11వ గంటలో ఫ్యూజు వేసిన డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) రికార్డుల్లో నూటికి నూరు మార్కులు తెచ్చుకుంటుంది. రెండో లైన్‌మన్‌ను వేయాల్సిన ఒత్తిడి ఎవరి మీదా ఉండదు. ఉన్న లోటును బట్టి పెట్టిన ప్రమాణం ఆ లోటునే కాపాడుతుంది.

తాగునీటిలోనూ ఇదే లెక్క. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలంటుంది. భూగర్భ డ్రైనేజీ ఉన్న నగరానికి 135 లీటర్లు ఇవ్వాలని కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ మాన్యువల్ చెబుతుంది. నలుగురున్న ఇంటికి పల్లెలో 220, నగరంలో 540 లీటర్లు. డ్రైనేజీ పైపులో మురుగు ముందుకు సాగాలంటే నీరు ఎక్కువ కావాలన్నది ఇంజినీర్ల మాట, అది సబబే. కానీ పల్లె ఇంట్లో ఒక పాడి గేదె ఉంటే, అది తాగే నీళ్లు ఆ 55లో ఎక్కడా లేవు.

ముందు నాలుగు మాటలు విడదీసుకోవాలి

ప్రమాణం అంటే ఇంత జనాభాకు ఇంత సేవ అని రాసుకున్న లెక్క. మంజూరు అంటే ఆ లెక్క ప్రకారం ఒక ఊరికి భవనమో పోస్టో ఇస్తూ వెలువడిన ఉత్తర్వు. భర్తీ అంటే ఆ పోస్టులో మనిషి చేరడం. అందుబాటు అంటే అవసరం పడిన గంటలో ఆ మనిషి దగ్గరికి మనం చేరగలగడం. ఒక మెట్టు దాటామని రెండోది దాటినట్టు కాదు. అధికారిక లెక్కలు ఎక్కువగా మంజూరు దగ్గర, మహా అయితే భర్తీ దగ్గర ఆగుతాయి. జనం బతుకు నాలుగో మెట్టు మీద ఉంది.

ఆ నాలుగో మెట్టును ఒక ఊహా గూడెంతో కొలిచి చూద్దాం. గూడెం నుంచి బండి వచ్చే రోడ్డుకు 4 కిలోమీటర్ల కాలిబాట. రోడ్డు చివర నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) 18 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. రాత్రి ఒక గర్భిణికి నొప్పులు మొదలయ్యాయి. ఫోను సిగ్నల్ దొరికే గట్టు ఎక్కడానికి ఒకరికి 40 నిమిషాలు పట్టింది. ఈలోగా ఊళ్లో డోలీ కట్టారు. పొడవాటి గట్టి కర్రకు దుప్పటి రెండు కొసలూ బిగించి ముడేసి, ఆ ఉయ్యాలలో ఆమెను ముడుచుకుని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజానికెత్తుకుంటారు. పక్కనే మరో నలుగురు నడవాలి, భుజం మార్చుకోవడానికి. దిగుడులో ముందున్నవాడు కర్రను పైకెత్తి పట్టకపోతే ఆమె కాళ్లవైపు జారిపోతుంది. గెడ్డ (కొండవాగు) దాటేటప్పుడు నీళ్లు నడుముదాకా వస్తే కర్ర తల మీదికి పోతుంది.

మనుషులను కూడగట్టుకుని అరగంటకు బయలుదేరారు. గంటకు 2 కిలోమీటర్ల నడకతో రోడ్డు చేరడానికి ఇంకో రెండు గంటలు, అంటే 150వ నిమిషం. 40వ నిమిషంలో కబురందుకున్న 108 బండి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో 36 నిమిషాల్లో, అంటే 76వ నిమిషానికే రోడ్డు చివరికి వచ్చి ఆగింది. అక్కడి నుంచి ఆసుపత్రికి మళ్లీ 36 నిమిషాలు. ఆమె పీహెచ్‌సీ చేరేసరికి 186 నిమిషాలు, అంటే 3 గంటల 6 నిమిషాలు. కాల్ అందిన దగ్గర నుంచి బండి చేరేదాకా లెక్కేస్తే రికార్డులో పడేది 36 నిమిషాలు. డ్రైవరు తప్పేమీ లేదు, బండి వచ్చింది. కొలత మొదలైన చోటు, ముగిసిన చోటు వేరు.

20,000 మందికి ఒక పీహెచ్‌సీ: ఈ సడలింపు సరిపోతుందా?

గిరిజన, కొండ ప్రాంతాలకు ప్రమాణాలు సడలించామని ప్రభుత్వాలు చెప్పేది నిజమే. మైదానంలో ఉపకేంద్రం 5,000 మందికి ఒకటి, ఏజెన్సీలో 3,000 మందికి. పీహెచ్‌సీ మైదానంలో 30,000 మందికి, ఏజెన్సీలో 20,000 మందికి. సామాజిక ఆరోగ్య కేంద్రం 1,20,000 మందికి బదులు 80,000 మందికి. చూడగానే ఏజెన్సీకే ఎక్కువ దక్కినట్టుంటుంది.

నేల మీద పరిచి చూస్తే వేరేగా కనిపిస్తుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడినప్పుడు దాని విస్తీర్ణం 12,251 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల్లో జనాభా దాదాపు 9.54 లక్షలు. చదరపు కిలోమీటరుకు 78 మంది. అదే 2011లో ఉమ్మడి పశ్చిమ గోదావరిలో 508 మంది. మైదానంలో 30,000 మంది ఉండాలంటే 59 చదరపు కిలోమీటర్లు చాలు. దాన్ని గుండ్రంగా గీస్తే మధ్య నుంచి అంచుకు 4.3 కిలోమీటర్లు. కొండమీద 20,000 మంది పోగవ్వాలంటే 256 చదరపు కిలోమీటర్లు కావాలి, మధ్య నుంచి అంచుకు 9 కిలోమీటర్లు. సడలించాక కూడా ఒక పీహెచ్‌సీ మోసే నేల నాలుగు రెట్లకు పైనే. మైదానంలో ఉన్నంత దూరమే ఇక్కడా ఉండాలంటే సుమారు 4,600 మందికి ఒక పీహెచ్‌సీ పెట్టాలి.

ఇది సగటు లెక్క. అడవి కూడా ఇందులో కలిసిపోయింది, మనుషులు దానిలో సమంగా పరుచుకుని ఉండరు. కానీ లెక్క తప్పితే తప్పేది మైదానంవైపు కాదు. 9 కిలోమీటర్లు అన్నది పటం మీద గీసిన సూటి గీత. కొండచుట్టూ తిరిగే దారి అంతకంటే ఎంతో పొడవు.

24 గంటల ఆసుపత్రి అన్న బోర్డు

బోర్డు మీద 24 గంటలు అని రాస్తే వారానికి 168 గంటలు. ఒక డాక్టరు రోజుకు 8 గంటల చొప్పున ఆరు రోజులు పనిచేస్తే 48. ఎప్పుడూ ఒక డాక్టరు ఉండాలంటే ముగ్గురున్నర కావాలి, అదీ ఎవరూ సెలవు పెట్టకుండా. ఇద్దరు డాక్టర్ల పీహెచ్‌సీలో 72 గంటలు ఖాళీ. ఆ ఇద్దరిలో ఒకరు డిప్యుటేషన్ మీద మైదానంలోని ఆసుపత్రికి వెళ్తే ఖాళీ 120 గంటలకు చేరుతుంది. జీతం మాత్రం కొండమీది పోస్టు నుంచే వెళ్తుంది. కనుక భర్తీ లెక్కలో ఆ పోస్టు నిండినట్టే ఉంటుంది. ముగ్గురు స్టాఫ్ నర్సులున్నా 144 గంటలే, 168కి 24 తక్కువ. బదిలీ కోరుకునే వాళ్లందర్నీ తిట్టిపోయడం తేలిక. క్వార్టర్‌లో నీళ్లు రాని చోట, పిల్లలకు బడి లేని చోట సంసారంతో ఉండమంటున్నామన్నది కూడా లెక్కలోకి రావాలి.

రోడ్డు: 249 మందికీ 250 మందికీ మధ్య

2000 డిసెంబర్ 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానంలో 500 మందికి పైబడిన ఆవాసానికి, రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ప్రకటించిన గిరిజన ప్రాంతంలో 250కి పైబడిన ఆవాసానికి రోడ్డు ఇస్తుంది. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లో ఆ గీత 100. ఇక్కడ లెక్కకు తీసుకునేది రెవెన్యూ గ్రామం కాదు, ఆవాసం. ఇది చాలా మంచి నిర్ణయం. ఏజెన్సీలో ఒక రెవెన్యూ గ్రామం కింద విడివిడి గూడేలు అనేకం ఉంటాయి. వాటిలో ఒకదానికి రోడ్డు పడగానే గ్రామం మొత్తానికీ పడినట్టు రాసుకోవడం అంతకుముందు మామూలు. దగ్గరదగ్గర ఆవాసాలను కలిపి లెక్కించే వెసులుబాటు కూడా ఉంది. మైదానంలో 500 మీటర్ల లోపు, కొండల్లో కాలిబాటన 1.5 కిలోమీటర్ల లోపు ఉన్నవాటి జనాభాను కూడవచ్చు. 140 మంది గూడెం, దానికి కిలోమీటరు దూరంలో 115 మంది గూడెం ఉంటే, కలిపి 255. ఈ కూడిక ఎవరో ఒకరు కూర్చుని చేస్తేనే ఆ రెండూ జాబితాలోకి వస్తాయి.

తంటా ఎక్కడంటే, ఏ ఏటి జనాభా అన్న దగ్గర. ఆ పథకం 2001 జనగణనను పట్టుకుని నడిచింది. 2001లో 230 మంది ఉండి, 2011 నాటికి 260 అయిన గూడెం ఉందనుకుందాం. పదేళ్లలోనే గీత దాటినా, 2011 లెక్కలను ఆధారంగా తీసుకునే నాలుగో దశకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది 2024 సెప్టెంబర్‌లో. తర్వాతి జనగణన 2021లో జరగాల్సింది, 2027కు వాయిదా పడింది.

రోడ్డు మంజూరయ్యాక అడవి అడ్డొస్తుంది. అటవీ హక్కుల చట్టం 2006లోని సెక్షన్ 3(2) ఇందుకు ఒక దగ్గరి దారి ఇచ్చింది. బడి, అంగన్‌వాడీ, కరెంటు లైను, రోడ్డు వంటి 13 రకాల సౌకర్యాలకు, ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమిని గ్రామసభ సిఫార్సుతో స్థానికంగానే మళ్లించవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. బడికి హెక్టారు బోలెడు. రోడ్డుకు? 6 మీటర్ల వెడల్పుతో వేస్తే హెక్టారు 1.66 కిలోమీటర్ల దగ్గరే అయిపోతుంది. 4 మీటర్లకు కుదిస్తే 2.5 కిలోమీటర్లు. మన ఊహా గూడేనికి కావాల్సింది 4. మిగతా ముక్కకు 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం అనుమతి తెచ్చుకోవాలి. రోడ్డు రెండు కొసల నుంచీ పడి మధ్యలో ఆగిపోయిన చోట్ల, కాంట్రాక్టరును తిట్టుకునే ముందు చూడాల్సిన కాగితాల్లో ఇదొకటి.

ఒకే కొండ, రెండు గీతలు

రోడ్డుకు పైన చెప్పిన 250 సడలింపు ఐదో షెడ్యూలు ప్రాంతానికి. అనకాపల్లి జిల్లా రావికమతం, రోలుగుంట మండలాల్లోని కొండ ఊళ్లలో ఉండేది గిరిజనులే. ఆ ఊళ్లు షెడ్యూలులో లేవు. నాన్ షెడ్యూల్డ్ అనే ఈ ఊళ్లకు రోడ్డు లెక్క దగ్గర మైదానపు 500 గీతే ఎదురవుతుంది. కొండ ఒకటే, వాన ఒకటే, డోలీ ఒకటే. తమ ఊళ్లను షెడ్యూలులో చేర్చాలని వాళ్లు చాలా కాలంగా అడుగుతున్నారు, ఆ మార్పుకు రాష్ట్రపతి ఉత్తర్వు కావాలి.

2023 నవంబర్ 15న మొదలైన పీఎం జన్‌మన్ అనే కేంద్ర పథకం ఇంకో గీత గీసింది. ప్రత్యేకంగా వెనుకబడిన గిరిజన తెగల ఆవాసాలకు 100 మంది ఉన్నా రోడ్డు వస్తుంది. ఈ జాబితాలో కొండరెడ్డి, చెంచు, ఖోండు, పోర్జ, గదబ, సవర తెగలున్నాయి. కొండదొరలు, భగతలు, వాల్మీకులు లేరు. తీవ్రవాద ప్రభావిత జాబితాలో లేని ఒక షెడ్యూల్డ్ మండలంలో, దూరదూరంగా రెండు గూడేలు, ఒక్కోదానిలో 120 మంది ఉన్నారనుకుందాం. ఖోండుల గూడేనికి జన్‌మన్ కింద అర్హత ఉంది. కొండదొరల గూడెం 250 కోసం చూడాలి. బాగా వెనుకబడినవాళ్లకు ముందు ఇవ్వడం న్యాయమే. కానీ రోడ్డు లేకపోవడమన్న కష్టం తెగను చూసి రాదు.

తలసరి ఖర్చు వాదన

సర్కారు ఖజానా చూసేవాళ్ల ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. నాలుగో దశ సడక్ యోజన లక్ష్యం 62,500 కిలోమీటర్లు, వ్యయం 70,125 కోట్ల రూపాయలు. కిలోమీటరుకు సగటున 1.12 కోట్లు. 4 కిలోమీటర్లకు దాదాపు 4.5 కోట్లు. 120 మంది గూడేనికి వేస్తే మనిషికి 3.74 లక్షలు, వెయ్యి మంది ఊరికి వేస్తే మనిషికి 45 వేలు. కొండను కోసి, గోడలు కట్టే చోట ఖర్చు సగటు కంటే ఇంకా ఎక్కువ. అదే డబ్బుతో ఎనిమిది రెట్ల మందికి మేలు చేయొచ్చు కదా అన్నది వాళ్ల వాదన.

దానికి ఎదురుగా ఉన్న లెక్క ఇది. రోడ్డు లేకపోవడం ఉచితం కాదు, ఆ బిల్లు గూడెం కడుతోంది. మిరియాలు, పసుపు, కాఫీ గింజలు తలమీద మోసుకుని సంతకు తెచ్చినవాడు, తిరిగి మోసుకెళ్లలేక వ్యాపారి చెప్పిన ధరకే ఇచ్చి వెళ్తాడు. రేషను బియ్యం కోసం ఒక పనిరోజు పోతుంది. పైగా నగరంలో ఫ్లైఓవర్ కట్టేటప్పుడు ఈ తలసరి లెక్క ఎవరూ అడగరు. నా అంచనాలో తలసరి ఖర్చు వరుసక్రమం నిర్ణయించడానికి పనికొస్తుంది. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నదానికి. ఎవరికి ఎప్పటికీ ఇవ్వకూడదు అన్నదానికి అది జవాబు కాలేదు.

ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్లలో మరో అభిప్రాయం ఉంది. నెలకు రెండు మూడు కాన్పులు జరిగే చోట డాక్టరుకు, నర్సుకు చెయ్యి తిరగదు. రక్తస్రావం ఆగకపోతే రక్తం ఉండదు. కనుక చిన్న ఆసుపత్రులు పెంచేకంటే పెద్దదాన్ని బాగుచేసి, కాన్పు తేదీకి ముందే గర్భిణిని కిందికి తీసుకురావాలంటారు. పార్వతీపురం ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) సాలూరు, గుమ్మలక్ష్మీపురంలో పెట్టిన గర్భిణుల వసతి గృహాలు ఈ ఆలోచనతోనే వచ్చాయి. కాలిబాట మీద నడిచే ఫీడర్ అంబులెన్సు అనే మోటార్ సైకిల్ కూడా అంతే. వసతి గృహం చాలా ప్రాణాలు కాపాడగల ఏర్పాటు. కానీ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్న తల్లి, పోడు పని జోరు మీదున్న నెలలో, వారాల ముందే వచ్చి కూర్చోవాలంటే ఆ పిల్లలను ఎవరు చూస్తారన్నది తేలాలి. పిల్లలనూ వెంట ఉంచుకోనిచ్చి, తోడు వచ్చినవాళ్లకూ అన్నం పెట్టే చోట వస్తారు, లేనిచోట నొప్పులు వచ్చాకే డోలీ కడతారు. పాముకాటుకు, పిల్లాడి జ్వరానికి ముందు తేదీ ఉండదు.

స్థానికులనే వేయాలా?

పైనుంచి వచ్చినవాళ్లు నిలవరు కాబట్టి అక్కడివాళ్లనే వేయాలన్నది మూడో దారి. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000 జనవరి 10న వచ్చిన జీవో 3 ఆ దారే పట్టింది. టీచర్లు బడికి సరిగా రాకపోవడాన్నే అప్పుడు కారణంగా చూపారు. పిల్లవాడి కువి, సవర, కోయ మాట తెలిసిన టీచరు ఒకటో తరగతిలో చేసే మేలు వేరేవాళ్లు చేయలేరు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ మిగతావారి సమానత్వ హక్కును పూర్తిగా మూసేస్తుందని, అది రాజ్యాంగానికి పొసగదని చెప్పింది. అప్పటికే జరిగిన నియామకాలను షరతుతో కాపాడింది. తీర్పు న్యాయసూత్రం ప్రకారం బలమైనదే. అయితే బడిలో టీచరు ఉంటాడా అన్న పాత ప్రశ్నకు మరో జవాబు వెతకాల్సిన బాధ్యత మాత్రం ప్రభుత్వాల మీదే మిగిలిపోయింది.

గీతలన్నిటికీ కింద

500, 250, 100. ఎంత దించినా గీత కింద ఎవరో ఒకరు ఉంటారు. చుట్టుపక్కల 1.5 కిలోమీటర్లలో కలుపుకోవడానికి మరో గూడెం లేని 60 మంది ఆవాసం ఈ మూడింటిలో దేనికీ అందదు. దానికి మిగిలేది ఉపాధి పనుల కింద వేసుకునే మట్టి బాట. ఊరంతా కలిసి నెలల తరబడి తవ్వి, కొండవాలును కోసి, చదును చేస్తారు. వేతనం మీద ఎక్కువ, సామగ్రి మీద తక్కువ ఖర్చు పెట్టాలన్న పరిమితి వల్ల తూములకు, రాతి కట్టుడుకు డబ్బు చాలదు. పక్క కాలువ లేని బాట మీదికి కొండనీరు సూటిగా దిగుతుంది. గెడ్డ దగ్గర రెండు సిమెంటు తూములు వేసి ఉంటే ఆ బాట మీద వానాకాలంలోనూ జీపు వచ్చేది. అవి లేక జూలైలో పడే మొదటి పెద్ద వానకే బాట అడ్డంగా కోసుకుపోయి, గూడెంలో మళ్లీ కర్రా దుప్పటీ బయటికొస్తాయి.